పడని బోరుకు వీడియో లేదు

ఉదయం ఏడుంబావుకు నేను చేరేసరికి బోరు ఆరు వందల నలభై అడుగులు దిగింది. కడపలో నా గది నుంచి వేంపల్లె అవతల మా బావ చీనీ తోటకు యాభై రెండు కిలోమీటర్లు. రాడ్ల వెంట పైకి వస్తున్నది తెల్లటి పొడిదుమ్ము. మా అక్క చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. తొమ్మిదేళ్లు పెంచిన మూడెకరాల బత్తాయి చెట్లు ఆ వేసవి దాటాలంటే నీళ్లు పడాలి.

బావ బోరుకు ఆ చోటు చూపించుకున్నది నేను తయారుచేసిన యాప్ చూసి. కడప, కర్నూలు రైతులు సేద్యం గురించి చిన్న వీడియోలు పెట్టుకునే వేదిక అది. ఎక్కువమంది చూసిన వీడియోకు ఎక్కువ పాయింట్లు. పాయింట్లకు ఫోను రీచార్జి. మొదటి ఏడాది విత్తనాలు, తెగుళ్లు, గొర్రెల జబ్బులే ఉండేవి. సభ్యులు నాలుగు వందలు దాటలేదు. తర్వాత కోయిలకుంట్ల వైపు ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి, అది నిలువుగా లేచిన చోట బోరు వేయించి, నీళ్లు ఎగజిమ్మడం చూపించాడు. ఆరు నెలల్లో సభ్యులు పదకొండు వేలయ్యారు.

బావ పిలిపించుకున్నదీ ఆయన్నే. ఆయన వీడియోలు ముప్పై ఒకటి. అన్నింటిలోనూ నీళ్లే. పడనివెన్నో లెక్క లేదు కనుక ఆ ముప్పై ఒకటికి అర్థం లేదు. అందుకే పడని బోరు వీడియోకు మూడింతల పాయింట్లు ప్రకటించాను. ఒక్కటీ రాలేదు. మా వైపు ఎండిన బోరు మీద బండరాయి పెట్టేస్తారు, దాని మాట ఎత్తరు. ఎత్తితే తర్వాతి బోరుకూ అదే గతి పడుతుందని నమ్మకం. అప్పిచ్చేవాళ్ల చెవిన పడుతుందన్న భయం వేరే. ఇక్కడే పుట్టి పెరిగిన నేను, ఆ మౌనాన్ని రీచార్జితో కొనవచ్చుననుకున్నాను.

బోరు బండి రాకముందే బావకు చెప్పాను.

"ముప్పై ఒక్క చోట పడినాయి గదప్పా. ఈడొక్క చోటే పడవా?"

"పడనివి ఎవరూ చూపించరు బావా."

"చూపించందాన్ని నేను యాడ చూసేది? శానా చదివినావులే, ఊరుకో."

ఎనిమిది వందల అడుగుల దగ్గర ఆపరేటర్ బండి నిదానించాడు. "ఆపేదా అన్నా?"

బావ కోయిలకుంట్ల ఆయనకు ఫోన్ చేశాడు. "ఇంకో నూరు పోనీ అంటాండాడు. పోనీ."

పక్క తోట రైతు ఫోన్ ఎత్తిపట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. "నీళ్లు వస్తానే మొగం ఇట్ల తిప్పు మామా. పాయింట్లు నాకు, నీళ్లు నీకు." బావ నవ్వాడు. అక్క నవ్వలేదు.

తొమ్మిది వందల ఇరవై దగ్గర రాడ్లు అయిపోయాయి. అప్పటికీ దుమ్మే. పక్క తోట రైతు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఈ దుమ్మే తీసి పెట్టప్పా," అని అతనితో అన్నాను. "ఇంకొకరైనా ఆగుతారు."

"పాడు మాటలు మాట్లాడాకు. మీ అక్క మొగం చూడు ముందు."

చూశాను. నా ఫోన్ నా చేతిలోనే ఉంది. నేనూ తీయలేకపోయాను.

మరునాడు కోయిలకుంట్ల ఆయన వీడియోలన్నీ తొలగించాను. ఆయన వేరే చోట ఖాతా తెరిచాడు. జనం వెంట వెళ్లారు.

తవ్వినది 920 అడుగులు. బండికి, కేసింగ్ పైపులకు 1,34,000 రూపాయలు. అందులో 80,000 అక్క గాజుల మీద తెచ్చినది. చెట్లకు నీళ్లు తోలిన ట్యాంకర్లకు మరో 46,000. యాప్ విడిచిన సభ్యులు ఏడు వేల పైచిలుకు. చెట్లు 330, ఎండినవి 308.