గొట్టం నోటికి కట్టిన వల

పోయిన శుక్రవారం మా మేనత్త చనిపోయింది. శ్రీకాకుళంలో మా కాలేజీ లైబ్రరీలో ఉండగా నాన్న ఫోన్ చేసి, "అత్త నేదమ్మా" అన్నాడు. అంతే. పొద్దున్న చేపల గంప సర్దుకుంటూ గుండె పట్టుకుని కూర్చుందట, మళ్ళీ లేవలేదట. బస్సులో ఇంటికి వెళ్తున్నంతసేపూ నాకు ఏడుపు కన్నా ముందు సిగ్గే వచ్చింది. ఎందుకో చెప్పకుండా ఆమె గురించి రాయలేను.

అత్త ఎండుచేపలు అమ్మేది. భర్త పోయాక మా ఇంట్లోనే ఉంది. గంపలో పెట్టే ముందు ప్రతి చేపనీ తోక పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూసేది. మెత్తళ్ళలాంటి సన్న చేపలయితే గుప్పెడు తీసుకుని అరచేతిలో ఊదేది. ఒకటి మెత్తగా తగిలినా పక్కన పడేసేది. ఎందుకంత చాదస్తమని అడిగితే, "సరుకు నోరు మూసుకుంటాది, మనమే సెప్పాల" అనేది.

మాది సముద్రం ఒడ్డున ఊరు. ఎండాకాలం బట్టలు దండెం మీద, చేపలు ఇసకలో. వానలు పడితే రెండూ ఒకే గదిలోకి వచ్చేస్తాయి. డిగ్రీలో చేరిన కొత్తలో ఒక ముసురు రోజు, క్లాసులో నా పక్కనమ్మాయి ఏమీ అనకుండా లేచి కిటికీ తెరిచింది. ఏదో ఒకటి అనేసి ఉంటే బాగుండేది. ఇంటికొచ్చి, నా బట్టలు చేపల గదిలో ఆరెయ్యొద్దన్నాను. అత్త నా చున్నీ తీసుకుని చాలాసేపు వాసన చూసింది. ఆమెకేమీ తెలియలేదు, పుట్టినప్పటి నుంచీ ఆ వాసనలోనే ఉంది కదా. అయినా నా మాటే నమ్మింది. "మన గుంట మొకం ఎత్తుకోనేకపోతంది, ఏదోటి సూడొరే" అని నాన్నకి చెప్పింది.

నాన్నకి సామాన్ల ఆటో ఉంది. పట్నంలో ఎవరో లాడ్జీ మూసేస్తుంటే, అక్కడ దుప్పట్లు ఆరబెట్టే డ్రయ్యర్‌ని కొని ఆటోలో వేసుకొచ్చాడు. బిగించడానికి ఎలక్ట్రీషియన్‌ని కూడా అక్కణ్ణుంచే తీసుకొచ్చాడు. అతను ఫ్రిజ్ ప్లగ్గులో పెట్టడానికి ఒప్పుకోలేదు. మీటరు దగ్గర నుంచి విడిగా లావు వైరు లాగి, ఎర్త్ కలిపాడు. మిషను ఊగకుండా కాళ్ళు సమం చేశాడు. ఇంట్లో మిగిలిన ప్లాస్టిక్ పైపు వాడమని నాన్న అంటే, వేడికి అది కరుగుతుందని చెప్పి రేకు గొట్టం తెప్పించాడు. ఎక్కువ వంపులు లేకుండా గోడకి కన్నం చేసి దాన్ని పెరట్లోకి తీశాడు. బయట చివర, గాలి వచ్చినప్పుడు లేచి తర్వాత పడిపోయే మూత బిగించాడు. "గొట్టం నోరు మాత్రం ఎప్పుడూ ముయ్యకూడదు అప్పా" అన్నాడు, అత్తని అక్కలా పిలుస్తూ.

"నా నోరే ఇన్నేళ్ళూ ఎవుడూ ముయ్యనేదు, దాని నోరు నానేటికి మూస్తాను బాబూ" అంది అత్త.

మిషనుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నేను ఆమెకి తెలుగులో చదివి వినిపించాను. బట్టల నుంచి రాలే మెత్తటి పదార్థాన్ని ఏమనాలో తెలియక ఆగిపోయాను. మిషను లోపలి జల్లెడలో పేరుకున్న దాన్ని అత్త రెండు వేళ్ళతో తీసి చూసి, "నూగు" అంది. ఆ మాట దొరికినందుకు ఆ రోజంతా పండగలా అనిపించింది. బట్టలు ఆరినప్పుడల్లా జల్లెడలో నూగు తియ్యాలని, లేకపోతే నిప్పు అంటుకోవచ్చని చదివాను. ఆమె ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

తర్వాత వాయుగుండం వచ్చింది. ఎండ మొహం చూడక గదిలో మెత్తళ్ళు బూజు పట్టసాగాయి. ఒక పొద్దున్న పెరట్లోకి వెళ్ళిన అత్తకి గొట్టంలోంచి వచ్చే వేడిగాలి చేతికి తగిలింది. "ఒలే, ఇంత ఏడి ఊరికే పోతన్నాదే" అంది. నేను పుస్తకంలో తల పెట్టుకునే "ఊఁ" అన్నాను.

ఆమె మూత ఎత్తి కట్టేసి, గొట్టం నోటికి పాత వల ముక్క సంచిలా కట్టి, అందులో మెత్తళ్ళు పోసింది. చేపలు నిజంగానే ఎండాయి. సంతలో వెంటనే అమ్ముడుపోయాయి కూడా.

ఆ తర్వాత సంతకి నేనూ వెళ్ళాను. గంప దించీ దించకముందే, ఎప్పుడూ కొనే ఒకావిడ పోయినసారి కొన్న పొట్లం విప్పి అందరికీ చూపించింది. "ఏటప్పా, నీ సేపలకి గెడ్డం మొలిసిందేటి?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మెత్తళ్ళ మీద, జల్లెడ దాటి గొట్టంలోంచి వచ్చిన సన్నటి నీలం నూగు. నా చున్నీ రంగు. చేపల వాసన నా బట్టలకి అంటకూడదని తెచ్చిన మిషను, నా బట్టల నూగుని ఆమె చేపలకి అంటించింది.

అత్త బేరం మానేసి, గంప ఎత్తుకుని నడిచింది. ఇంటికొచ్చేసరికి మాడు వాసన. లోపల నాన్న వేసిన బట్టలతో మిషను తిరుగుతోంది. దాని వెనక గోడ పెనంలా కాలుతోంది. నేను స్విచ్ కట్టేశాను. పెరట్లో ఇంకా గొట్టానికే ఉన్న వల కన్నాలన్నీ నూగుతో పూడుకుపోయి, గొట్టానికి మాడిన పొలుసులు అంటుకుని ఉన్నాయి. పక్కనే వలలు దాచుకునే తాటాకు పాక. ఎలక్ట్రీషియన్ వచ్చి గొట్టం విప్పి దులుపుతుంటే, గొట్టం నోరు ముయ్యనని ఆమె అన్న మాట అతను గుర్తు చెయ్యకపోయినా, అత్త తల దించుకుని నిలబడింది. ఎండాకాలం ఇసకలో ఎండబెట్టిన రోజుల్లో ఆమె తల ఎవరి ముందూ దిగలేదు.

తెలుగులో సిగ్గు ఉంది, నామోషీ ఉంది. "మొహం చెల్లకపోవడం" కూడా ఉందని పుస్తకాల్లో చదివాను. అదెలా ఉంటుందో తర్వాతి సంతలో చూశాను. ఎవరూ అడక్కముందే, పాత బేరాలవాళ్ళు కనపడిన ప్రతిచోటా ఆగి, "మొన్నటియ్యి పారేసీండి, నూగు పడిపోనాది" అని చెప్పి, వాన వెలిశాక ఎండలో ఎండినవి మళ్ళీ ఊరికే పోసింది. చాలామంది అప్పటికే వండుకు తినేశారు, ఏమీ చూడలేదన్నారు. మరి వాళ్ళకెందుకు చెప్పడం అని అడిగాను.

"ఆలకి కనపడనేదు. నాకు కనపడ్డాది కదే."

నా చున్నీ సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

నిన్న మిషను తలుపు తీశాను. శుక్రవారం పొద్దున్న ఆమె వేసిన ఇటుక రంగు చీర లోపలే ఉంది, బాగా ఆరి, ముడతలు పడి. మడత పెట్టి, జల్లెడ లాగాను. దాని మీద పల్చటి గుడ్డలా అదే రంగు నూగు. మధ్యలో ఎక్కడో కొంగుకి అంటుకుని వచ్చిన చేప పొలుసు ఒకటి మెరుస్తోంది. నూగు అలా ఉంచకూడదు. రెండు వేళ్ళతో ఒలిచి తీసేశాను. పొలుసు నా అరచేతికి అంటుకుని ఉండిపోయింది.