వేడి కాదని తెలిసేసరికి

ఆ రోజు ఉదయం ఆరుంబావుకి అన్నయ్య బాత్రూంలోంచి వచ్చి వదినను మజ్జిగ అడిగాడు.

"మళ్ళీ రక్తం పడింది. వేడి చేసినట్టుంది."

అన్నయ్యది బందరు పక్కనే గిలకలదిండి చేపల రేవులో ఐసు వ్యాపారం. "రోజంతా ఐసు మధ్య ఉండే మనిషికి వేడేంటండీ?" అని వదిన నవ్వుతూనే ఉప్పు కలిపి ఇచ్చింది.

బందరులో చూపించాం. నాన్న నలభై ఆరేళ్లకే పేగు క్యాన్సర్‌తో పోయారని నేను చెబుతూనే ఉన్నాను. డాక్టరు పరీక్షైనా చేయకుండా "పైల్స్ అండీ, కారం తగ్గించండి" అని మందులు రాసేశారు. అలా ఏడాది పోయింది. మనిషి చిక్కిపోయాక విజయవాడ తీసుకెళ్లాం. పేగులోకి కెమెరా పైపు పంపి చూసే కొలొనోస్కోపీ, బయాప్సీ, స్కాన్. అప్పటికే లివర్‌కి పాకింది. కీమో పూర్తికాకుండానే అన్నయ్య పోయాడు.

అన్నయ్యకు చేసిన జెనెటిక్ టెస్ట్‌లో లించ్ సిండ్రోమ్ అని తేలింది. "ఇది కుటుంబంలో వచ్చేది, పేగు క్యాన్సర్ ముప్పు పెంచుతుంది. మీరూ టెస్ట్ చేయించుకోవాలి. ముందే ఎవరూ చెప్పలేదా?" అని అక్కడి డాక్టరమ్మ అడిగారు. ఎవరూ చెప్పలేదు. నాకు నెగెటివ్ వచ్చింది. గుడివాడలో ఉంటున్న మా చెల్లెలు సునీతకు పాజిటివ్. కొలొనోస్కోపీ క్రమం తప్పకుండా చేయించుకోవాలన్నారు.

సునీత అత్తగారు ఒప్పుకోలేదు. "నొప్పీ లేదు, ఏమీ లేదు. బాగున్న మనిషికి పైపులెందుకు? ప్రార్థన చేసుకుందాం."

"చేసుకునే వెళ్దాం అత్తయ్యా. మీరూ రండి" అంది సునీత.

తీరా వెళ్తే పరీక్ష సాగలేదు. "లోపల ఏమీ కనపడట్లేదు. నిన్న ఏం తాగారమ్మా?" అని డాక్టరమ్మ అడిగారు. ద్రవాలే తీసుకోమన్నారు కదా అని అత్తగారు రాగిజావలో మజ్జిగ కలిపి రెండు పూటలా తాగించారు.

"నీరసించిపోద్దని..." అని ఆవిడ గొణిగారు.

నాకు అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితం మీద 'క్లియర్ లిక్విడ్స్' అని ఇంగ్లీషులో ఉంది. అంటే అవతలికి కనిపించేంత తేటగా ఉండేవే తాగాలని ఎవరూ విడమరిచి చెప్పలేదు.

మళ్ళీ పస్తు, మళ్ళీ పేగు శుభ్రం కావడానికి తాగే ఆ ఉప్పుమందు. ఈసారి పేగు గోడ మీద పాలిప్, అంటే చిన్న కండ, దొరికింది. అక్కడికక్కడే తీసేశారు. "ఇంకా క్యాన్సర్ కాలేదు. వదిలేస్తే అయ్యేదేమో" అన్నారు డాక్టరమ్మ.

"పెద్దన్నయ్యకి కూడా ఇంతేనా చేయాల్సింది?" అంది సునీత.

ఇప్పుడు తను ఏటా వెళ్తోంది. అత్తగారే తోడు వెళ్తున్నారు. మీ ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో పేగు క్యాన్సర్ వచ్చుంటే, బాధ మొదలయ్యేదాకా ఆగకండి. 'మాకు కొలొనోస్కోపీ ఎప్పటినుంచి అవసరం?' అని డాక్టర్ని మీరే అడగండి. ముందురోజు ఏం తాగొచ్చో తెలుగులో చెప్పించుకోండి.

రక్తం పడితే మజ్జిగ కలిపివ్వడం మా ఇంట్లో మానేశాం.