చీర మగ్గం దిగేదాకా

మా నాయన పోయాక కూడా ఆయన పేరు మీద ఒక అబద్ధం బతికే ఉంది. దాన్ని పుట్టించింది నేను. ఇన్నేళ్ళూ దాన్ని కడుపులో పెట్టుకునే నవ్వాను, తిన్నాను, పండగలు చేసుకున్నాను. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పుకోవాలనిపిస్తోంది.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. నన్ను హిందూపురంలో బట్టల అంగడి ఉన్నవాళ్ళింటికి ఇచ్చారు. అంగడి నిండా చీరలున్న ఇంట్లో నేతగాడి కూతురికి ఏం గొప్ప ఉంటుంది? అందుకేనేమో, మా ఆడబిడ్డకు పెళ్ళి కుదరగానే, ఎవరూ అడగకపోయినా, ముహూర్తం చీర మా నాయనే నేసిస్తాడని అందరి ముందూ గొప్పలు పోయాను. మీగడ రంగు చీర, ఎర్రంచు.

అప్పుడే నాయనకు ఛాతీలో నొప్పి మొదలైంది. బెంగళూరు ఆసుపత్రిలో గుండెకు బైపాస్ చేయాలన్నారు. కానీ ఒంట్లో రక్తం తక్కువగా ఉంది. డాక్టరు నన్ను కూర్చోబెట్టి నిదానంగా చెప్పాడు. ఆపరేషన్‌లో ఎలాగూ రక్తం పోతుంది, ముందే తక్కువగా ఉంటే బయటి రక్తం చాలా ఎక్కించాల్సి వస్తుంది, అలా ఎక్కువ ఎక్కించుకున్నవాళ్ళు కోలుకోవడం కష్టమవుతుంది అన్నాడు. రక్తం పట్టడానికి ఐరన్ టానిక్ రాసిచ్చి, నెల తర్వాత రమ్మన్నాడు. అది తాగించే పూచీ నాదని పుట్టింట్లో ఉండిపోయాను.

బరువు పని వద్దన్నారు కాబట్టి అన్న మగ్గం తొక్కేవాడు, నాయన పక్కన కూర్చుని చీర మీది పూల బుటాలు మాత్రం వేసేవాడు. ఒకరోజు టానిక్ తాగి, మూతి తుడుచుకున్న చేత్తోనే పోగు పట్టుకున్నాడు. మీగడ రంగు పట్టు మీద తుప్పు మరక. అన్న విసుక్కుంటూ మరక పడినంత మేరా విప్పాడు. ఆ సాయంత్రమే నేను సీసా తీసి బియ్యం డబ్బా వెనక దాచేశాను. చీర మగ్గం దిగేదాకా వద్దులే నాయనా అన్నాను. అది తాగితే మలబద్ధకం అని ఆయనా సరే అన్నాడు. చేతులు కడుక్కో నాయనా అంటే సరిపోయేది. ఇంత చిన్న మాట నాకెందుకు తోచలేదు? తోచే ఉంటుంది. కానీ ఆ రోజుల్లో నాకు నాయన మీదకంటే ఆ చీర మీదే భయం ఎక్కువగా ఉండింది. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

చీర దిగింది. మేము రైలెక్కాము. పెనుకొండ కొండ కనిపిస్తుండగా నాయన నా వైపు వంగాడు.

"డాక్టరు అడిగితే ఏం చెప్పల్ల పాపా?"

"తాగినానని చెప్పు నాయనా. లేదంటే మళ్ళా ఎనక్కి పంపిస్తాడు."

"అబద్ధం నా నోట్లో నిలవదు పాపా."

"నువ్వు ఊరికుండు. నేను చెప్తా."

ఆపరేషన్ వాయిదా పడితే పెళ్ళికి నాయన ఉండడని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. నేను చేసిన పని అన్నకు తెలుస్తుందని భయం, అంతే. ఆసుపత్రిలో మళ్ళీ పరీక్ష చేస్తే రక్తం పెరగలేదు. మందు తాగాడా అని డాక్టరు అడిగాడు. రోజూ తాగినాడు సార్ అన్నాను. తాగినా పట్టలేదంటే, నొప్పి పెరుగుతుండగా ఇంక ఆగి లాభం లేదని ఆయన ఆపరేషన్‌కు సిద్ధం చేశాడు. తాగలేదని చెప్పి ఉంటే ఇంకొన్నాళ్ళు ఆగేవాడేమో.

మా వీధి నేతగాళ్ళు రైలెక్కి వచ్చి రక్తం ఇచ్చారు. ఎక్కించిన రక్తమే నాయన ప్రాణం నిలబెట్టింది, కాదనను. కానీ చాలా ఎక్కించాల్సి వచ్చింది. తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఇంటికైతే వచ్చాడు గానీ మళ్ళీ మగ్గం దగ్గర కూర్చోలేదు. పెళ్ళికీ రాలేకపోయాడు. పెళ్ళిలో అందరూ చీరను మెచ్చుకుంటుంటే నేను నవ్వుతూ నిలబడ్డాను.

టానిక్ తాగినా ఇలాగే జరిగేదేమో. ఆయనకు వయసుంది, చక్కెర జబ్బూ ఉంది. ఈ 'ఏమో' చాటున నేను ఎన్నాళ్ళు దాక్కున్నానో! నాయన మాత్రం చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళతో, "మందు తాగినా పట్టలేదప్పా, నా ఒళ్ళే అట్లాంటిది" అనేవాడు. నోట్లో నిలవదన్న అబద్ధాన్ని పోయేదాకా నిలిపాడు. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూసేవాడు కాదు.

మొన్న ధర్మవరం వెళ్ళాను. ఎదురింటి అక్క భర్తకు కూడా బైపాసట, రక్తం తక్కువట, టానిక్ ఇచ్చారట. వాళ్ళకు మా అన్న ధైర్యంగా చెబుతున్నాడు, అవన్నీ దండగ మందులు, మా నాయన రోజూ తాగినాడు, ఏమైంది అని. అక్క తల ఊపింది. నేను పక్కనే ఉన్నాను. సంచి తీసుకుని రైలుకు బయల్దేరాను.

హిందూపురం చేరాక నిలవలేకపోయాను. ఫోన్ చేశాను.

"అక్కా, బావకు మందు ఆపొద్దండి. మా నాయన తాగలేదు. నేనే మాన్పించినా."

తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. పోనీలే అంటుందని ఎక్కడో ఆశపడ్డాను కూడా.

"తినకముందు తాగల్లనా, తిన్నంకనా?" అని మాత్రం అడిగింది.

"తినకముందు, నిమ్మకాయ నీళ్ళతో" అన్నాను. ఆ రోజు డాక్టరు నాకు చెప్పింది నేను ఒక్క ముక్క కూడా మర్చిపోలేదు.