గురువులు అల్లిన వల

జాలరిపేటలో గురువులు అనే జాలరి వల అల్లేటప్పుడు చూపు వల మీద ఉండదు. కాలి బొటనవేలికి తాడు తగిలించుకుని, సముద్రంకేసి చూస్తూ ముడులు వేసుకుపోతాడు. ముడి బిగిసిందో లేదో అతని వేలికే తెలుస్తుంది. పేపర్లో టెండరు ప్రకటన మాత్రం కళ్లు చికిలించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుతాడు.

తొంభై ఎనిమిదిలో ఓ ఆఫీసువాళ్లు ఎక్కిదిగేవాళ్లు జారిపడితే ఆపడానికి ఓడ మెట్ల కింద కట్టే వలలకు టెండరు పిలిచారు. గురువులు కూడా నమూనా వలతో పాటు సీలు వేసిన కవరు ఇచ్చాడు. అందరికంటే తక్కువ ధర అతనిదే. అయినా కవర్లు విప్పిన రోజున గుమస్తా దొరబాబు అతని కాగితం పక్కన పెట్టేశాడు.

“ఫలానా కంపెనీ వల అడిగితే నీ పేరు రాసీసేవేటి?”

గురువులు లేచి నిలబడ్డాడు. “కంపెనీ వల లేదా తత్సమానం అని మీరే రాసేరు గదా బాబూ. తత్సమానమంటే ఏటి? నా వల పరీచ్చ సేసి సూడండి.”

ఆఫీసరు కృష్ణంరాజు రెండు వలలూ పెరట్లో కట్టించి, మేడ మీంచి ఇసుక బస్తాలు వేయించాడు. మూడో బస్తాకి కంపెనీ వల కన్ను తెగింది. గురువులు వల అయిదో బస్తాకీ చెక్కుచెదరలేదు. కృష్ణంరాజు కాగితం మీద ‘తత్సమానం’ అని రాసి, ఆర్డరు అతనికే అని సంతకం పెట్టాడు.

గురువులు ఆ మాట రెండుసార్లు చదువుకుని తలెత్తాడు.

“సమానమని రాసీసేరు. ఎక్కువని రాయడానికి జాగా లేదేటి బాబూ?”