అప్పజెప్పుల మాస్టారు

అప్పజెప్పుల మాస్టారికి ఒకటే జబ్బు. ఎవరికి ఏం చెప్పినా, దాన్ని వాళ్ళ నోట తిరిగి చెప్పించుకోనిదే వదిలిపెట్టడు. ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ ఇవ్వడం ఆయన ఉద్యోగం కాబట్టి, శిక్షణ హాల్లో ఆ పని చేస్తే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. కానీ ఆయన క్యాంటీన్‌లోనూ, లిఫ్టులోనూ, చివరికి పళ్ళ డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని కూడా అదే పని చేసేవాడు. ఆయన అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"టీ. చక్కెర వద్దు. ఏం చెప్పాను?" అనేవాడు క్యాంటీన్ అతనితో.

"టీ. చక్కెర వద్దు."

అక్కడితో ఊరుకుంటే ఆయన మాస్టారెందుకవుతాడు? వెళ్ళి కూర్చుని, పక్కవాళ్ళతో ఎండల గురించి మాట్లాడి, టీ కలిపే వేళకి మళ్ళీ లేచొచ్చేవాడు. "ఇందాక ఏం చెప్పాను?"

ఒళ్ళు మండిన క్యాంటీన్ అతను ఓసారి కావాలనే బోలెడంత చక్కెర వేసిచ్చాడు. మాస్టారు ఆ టీ మొత్తం తాగి, "తప్పు నీది కాదులే. నేనే తొందరపడి అడిగాను, ఇంకాస్త ఆగాల్సింది" అని బాధపడ్డాడు. అలాంటి మనిషితో పోట్లాట పెట్టుకోవడం ఎవరి తరం?

దీనికంతటికీ ఆయన దగ్గర శాస్త్రం ఉంది. "తలకాయ గిడ్డంగి కాదు, సరుకు దింపేసి వెళ్ళిపోవడానికి. అది గడ్డిలో కాలిబాట. నడిస్తేనే పడుతుంది. గడ్డి మళ్ళీ మొలవబోతుండగా ఇంకోసారి నడిపించాలి" అనేవాడు. స్లైడు మీద రాసిందే పైకి చదివేవాళ్ళంటే ఆయనకి గిట్టదు. కళ్ళకీ చెవులకీ ఒకే మాట అందిస్తే, నువ్వు చూసుకో అంటే నువ్వు చూసుకో అనుకుని రెండూ నిద్రపోతాయట.

ఒకసారి సూపరింటెండెంటు గారు చీమల బారుల్లాంటి అక్షరాలతో గంటసేపు ప్రజెంటేషన్ ఇచ్చి, సందేహాలుంటే అడగమన్నారు. మాస్టారు లేచి ఎంతో వినయంగా, "సందేహం కాదండీ. మొదటి స్లైడులో ఏముందో ఎవరైనా అప్పజెప్తారా?" అన్నాడు. హాలంతా తల దించుకుని చెప్పుల వంక చూసుకుంది. సూపరింటెండెంటు గారు కూడా తన చెప్పుల వంకే చూసుకున్నారు.

ఇదంతా నవ్వుకోవచ్చు గానీ, ఒక్క విషయంలో ఆయన మీద అందరికీ కోపం ఉండేది. హాల్లో ప్రశ్న వెయ్యాల్సి వస్తే గలగలా మాట్లాడేవాళ్ళని వదిలేసి, నోట్లో నాలుక లేనివాళ్ళనే లేపేవాడు. నత్తి ఉన్న స్టోరు గుమాస్తా, కొత్తగా చేరిన ఆయా, ఇలాంటివాళ్ళు. వాళ్ళు చెమటలు కక్కుతూ లేచి, ఎలాగో సరైన జవాబే చెప్పి కూలబడేవాళ్ళు. లిఫ్టులోనూ ఆయన పట్టుకునేది వాళ్ళనే. అందుకే లిఫ్టులో ఆయన కనిపిస్తే ఆ బాపతు జనమంతా మెట్ల దారి పట్టేవాళ్ళు. ఈ ఆసుపత్రిలో గట్టి మోకాళ్ళున్న వాళ్ళంతా పిరికివాళ్ళేనని ఎముకల డాక్టరు తేల్చాడు.

మందుల విభాగంలో ఉన్న ఫార్మసిస్టు మోకాళ్ళు చాలా గట్టివి. చిన్నప్పుడు బడిలో పద్యం మధ్యలో మాట ఆగిపోయి అందరి ముందూ నిలబడిపోయిన నాటి నుంచీ, నలుగురి ఎదుట నోరు తెరవాలంటే ఆమెకి ఊపిరాడదు. అలాంటి మనిషి నెత్తిన పిడుగు పడింది. పిల్లల వార్డులో ఒక నర్సు సెలైన్ ఉప్పునీటి సీసా అనుకుని పక్కనున్న గాఢమైన మందు తీసింది. రెండు సీసాలూ ఒకే సైజు, రెండింటి మీదా నీలం అక్షరాలే. ఆ మందు పలచన చెయ్యకుండా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. సరిగ్గా అప్పుడే పిల్ల తల్లి ఏదో అడగడం, నర్సు ఆగి మళ్ళీ చూసుకోవడం జరిగాయి కాబట్టి గండం గడిచింది. ఇక మీదట ఇలా కాకుండా నర్సులందరికీ ఫార్మసిస్టు ప్రజెంటేషన్ ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. వాళ్ళు విని మరిచిపోతే, ఈసారి ఏ తల్లీ ఏమీ అడక్కపోవచ్చు. ఆ మాట తలుచుకుంటే ఆమెకి ముద్ద దిగలేదు.

ఆమె బోలెడు స్లైడులు చేసుకుని మాస్టారి గదికి వెళ్ళింది. ఆయన అన్నీ ఓపిగ్గా చూశాడు.

"ఇందులో ఏది మరిచిపోతే బిడ్డ ప్రాణం పోతుందమ్మా?"

"ఒక్కటేనండీ. సీసా చేతిలోకి తీసుకున్నాక పేరు చదవాలి. చదివింది పక్కవాళ్ళకి పైకి వినిపించాలి."

"మరి మిగతావన్నీ?"

"నాకు విషయం తెలుసని వాళ్ళకి తెలియాలి కదండీ."

"తెలుస్తుంది. నీకు చాలా తెలుసన్న సంగతి గుర్తుంటుంది, సీసా సంగతి మరిచిపోతారు."

చివరికి ఒక్క ఫొటో మిగిలింది, పక్కపక్కన రెండు సీసాలు. అక్కడి నుంచి ఆమెకి శని మొదలైంది. మెట్ల మీద, వరండాలో, క్యాంటీన్ వరుసలో, ఎక్కడ కనబడినా ఆయనది ఒకటే ప్రశ్న. "ఏమ్మా, చదివాం కదా, మళ్ళీ పక్కవాళ్ళకి వినిపించడం దేనికి?"

"పొద్దున చెప్పానుగా మాస్టారూ. నేనేమన్నా చిలకనా?"

"చిలకైతే నాకీ తిప్పలెందుకు? ఊఁ, చెప్పు."

ఆ వారంలోనే ఆయన మెట్ల మలుపులో ఇంకో మనిషిని నిలబెట్టి అడుగుతుండగా చూసింది. పిల్లల వార్డు నర్సు. సీసా తప్పు తీసిన రోజు నుంచీ ఎవరికీ ఎదురుపడలేక లిఫ్టు ఎక్కడం మానేసింది, ఇక సూది పట్టనంటోందని కూడా చెప్పుకుంటున్నారు. మాస్టారు ఆయాసపడుతూ ఆమె వెంట మెట్లెక్కుతున్నాడు. కాస్తయినా జాలి లేదు ఈయనకి అని ఫార్మసిస్టు మండిపడింది.

ప్రజెంటేషన్ రోజు హాలు నిండిపోయింది. ఫొటో తెర మీదికొచ్చింది. ఫార్మసిస్టు "అందరికీ నమస్కారం" అంది. అంతే, తర్వాత ఏమీ రాలేదు. మైకులో ఆమె ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఒకరిద్దరు ఫోన్లు తీశారు. పద్యం మధ్యలో ఆగిపోయిన పిల్ల మళ్ళీ వచ్చి నిలబడింది.

ముందు వరుసలో చెయ్యి లేచింది. "పెద్దవాణ్ణి, నాకో సందేహం. పేరు నా కళ్ళతో నేను చదువుకున్నాను కదా. మళ్ళీ పక్కవాళ్ళకి వినిపించడం దేనికి?"

వారమంతా ఆమె ప్రాణం తోడేసిన ప్రశ్న అది. జవాబు ఆమెని అడక్కుండానే బయటికొచ్చింది. "కళ్ళు తాము అనుకున్నదే చూస్తాయి మాస్టారూ. అలవాటైన సీసా అయితే చదవకుండానే చదివామని చెప్తాయి. పైకి చదివితే పక్కవాళ్ళ చెవులు కాపలా ఉంటాయి."

దారి దొరికాక కాళ్ళు వాటంతట అవే నడిచాయి. ఖాళీ సీసాలు కలిపేసి ట్రేలలో తిప్పింది. ఇద్దరిద్దరు చొప్పున తీసి, చదివి, వినిపించుకున్నారు. మధ్యలో వేరే సంగతి ఎత్తి, వాళ్ళు మరిచిపోబోతుండగా మళ్ళీ అడిగింది. ఫోన్లు సంచుల్లోకి వెళ్ళిపోయాయి.

అంతలో మాస్టారు వెనక్కి తిరిగాడు. "ఆ చివర కూర్చున్న సిస్టర్ గారు ఓసారి అప్పజెప్తారా?"

హాలు బిగుసుకుపోయింది. ఆ చివర ఉన్నది పిల్లల వార్డు నర్సు. ఆమె లేచింది. ఒక్క మాట పోకుండా చెప్పి, "ఆ రోజు నేను చదవలేదు, చదివాననుకున్నాను. పక్కన వినేవాళ్ళుంటే బాగుండేది" అంది.

హెడ్ నర్సు లేచి, "రేపు నీ పక్కన నేనుంటా. నువ్వు చదువు, నేను వింటా" అంది.

నర్సు చాలా రోజుల తర్వాత తలెత్తి కూర్చుంది. అప్పుడు వెలిగింది ఫార్మసిస్టుకి. లిఫ్టులో, మెట్ల మీద ఎవరిని వేధిస్తాడో హాల్లో వాళ్ళనే లేపుతాడు, అక్కడ అడిగిందే అడుగుతాడు. నత్తి గుమాస్తా, కొత్త ఆయా, అందరూ అంతే. పదిమంది ముందు ఓడిపోతామని వణికేవాళ్ళని ముందే గెలిపించి తీసుకొచ్చేవాడన్నమాట. ఇన్నాళ్ళూ ఆయన్ని తప్పించుకు తిరిగినందుకు ఆమెకి సిగ్గేసింది, ఆయన మీద ప్రేమ కూడా పుట్టింది.

మర్నాడు ఆమె మెట్లెక్కకుండా లిఫ్టెక్కింది. మాస్టారున్నాడు.

"ఏమ్మా, నిన్న ఏం నేర్చుకున్నావు?"

"ఎవర్ని లేపాలనుకుంటామో వాళ్ళని ముందుగా లిఫ్టులో అడగాలని."

మాస్టారు అంతస్తుల అంకెల వంక శ్రద్ధగా చూశాడు. "ఈ సంగతి ఎవరికీ చెప్పకు. వాళ్ళు సొంతంగా గెలిచామనుకోవాలి."

తలుపు తెరుచుకుంది. ఆమె బయటికి అడుగు వేసేలోగా ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. జబ్బు ఎక్కడికి పోతుంది?

"ఏం చెప్పాను?"

"గుర్తులేదు మాస్టారూ."

అప్పజెప్పని మనిషిని ఆయన తృప్తిగా వదిలిపెట్టడం ఆసుపత్రి చరిత్రలో అదే మొదలు.