మావయ్య పేరు పక్కన డౌటు

మా మేనమామది కశింకోట పక్క ఊరు. చెరకు రైతు. ఎన్నికలొస్తే మా పార్టీ తరఫున ఆ బూత్ బాధ్యతంతా ఆయనదే. ఓటర్ల జాబితా చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. ప్రతి పేరు పక్కనా మూడు మాటల్లో ఒకటి పడాలి: మన, వాళ్ళ, డౌటు. చేతిరాత బాగుంటుందని ఆ రాసే పని నాకు అప్పజెప్పాడు.

ఆయన దృష్టిలో డౌటు తిట్టు కాదు. "మనోలు ఎలాగూ ఏత్తారు, ఆలు ఎలాగూ ఎయ్యరు. డౌటోడు ఆలోసిత్తన్నాడురా. ఆడి దగ్గర కూకోవాల" అనేవాడు. కూర్చునేవాడు కూడా. ఒకింట్లో ముసలమ్మ పార్టీనీ, నాయకుణ్ణీ, మావయ్యనీ కలిపి ఉతికి ఆరేసింది. "మీ జెండా ఏ రంగైతే నాకేటి? ముందు రేషను కార్డులో నా కోడలి పేరెక్కించండి" అంది. మావయ్య అంతా విని, మర్నాడు ఆవిడని మండలాఫీసుకి తీసుకెళ్ళాడు. పనయ్యాక నేను డౌటు చెరిపి 'మన' అని రాయబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఓటు ఆవిడిష్టం" అన్నాడు. పార్టీ అంటే అదేనని నేను నమ్మాను.

మొన్నటి ఎన్నికల ముందు అవతలి పార్టీ నుంచి ఒకాయన మా పార్టీలోకి దూకాడు. మమ్మల్ని ఊరూరా దొంగలని తిట్టినవాడు, కండువా మార్చిన వారానికి మాకు మండల ఇన్‌ఛార్జి. ఫ్లెక్సీ మీద 'సీనియర్ నాయకులు' అని వేశారు. మొదటి మీటింగులో ఒకడు మైకు పట్టుకుని ఆయన్ని నిఖార్సైన కార్యకర్త అని పొగిడాడు. అది అబద్ధమని నాకు తెలుసు. అయినా చప్పట్లు కొట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులంటే నాకే రోత.

ఆ మీటింగులోనే మావయ్య లేచాడు. "బాబూ, మొన్నటిదాకా తమరు మాకు ఎదురుగుండా నిలబడ్డారు. ఇయ్యాల సీనియర్ అంటన్నారు. మరి మమ్మల్నేటనాల? ఓటర్లడిగితే ఏటి సెప్పమంటారు?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలియకే అడిగాడు. వెనక నుంచి ఎవడో మావయ్యనే "అవతలోళ్ళ కోవర్టు" అన్నాడు. ముందు వరసలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ముప్పై ఏళ్ళు ఆయన చేత జెండాలు కట్టించుకున్నవాళ్ళే.

మర్నాడు ఇన్‌ఛార్జి నన్ను పిలిచి జాబితా తెరిపించాడు. మావయ్య పేరు మీద వేలు పెట్టి, "ఇక్కడ డౌటు రాయి. ఇలాంటివాళ్ళ గడప తొక్కక్కర్లేదు, మీటింగులకి పిలవక్కర్లేదు. బూత్‌లో పోలింగ్ ఏజెంటుగా ఇంకొకణ్ణి చూడు" అన్నాడు. ఆయన నా మేనమామ అని కూడా నేను చెప్పలేదు. మండల కమిటీలో నా పేరుంటుందని ఆశ. గుండ్రంగా, అందంగా రాశాను. అత్తయ్య పేరు పక్కనా రాశాను. ఇక వాళ్ళ వీధి వైపు వెళ్ళడం మానేశాను.

పోలింగ్ రోజు పొద్దున్నే, బూత్‌కి దూరంగా షామియానా కింద బల్ల వేసుకుని ఓటరు స్లిప్పులు రాసిస్తున్నాను. ప్రతిసారీ లోపల ఏజెంటుగా కూర్చునే మావయ్య ఆ రోజు అందరితోపాటు వచ్చి నా ముందు నిలబడ్డాడు. ఆయన స్లిప్పు రాయాలంటే ఆ పేజీ తియ్యాలి. తీశాను. చేత్తో కప్పేలోపే చూసేశాడు.

నలుగురిలో కడిగేస్తాడనుకున్నాను. కడిగేసినా బాగుండేది. ఆయన ఆ మాట చదివి, మెల్లిగా అన్నాడు.

"డౌటని రాసేవు, సరే. డౌటోలింటికెల్లి కూకోమని నీకు నేర్పేను గదరా. మరి మా ఇంటికి రానేదేటి?"

స్లిప్పు అందుకుని వరసలోకి వెళ్ళిపోయాడు. ఆయన ఓటు ఎవరికి వేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. అడిగే మొహం నాకు లేదు.