గాజుపళ్లెంలో ఖాళీ జాగా

తిరుపతి ఆసుపత్రి ల్యాబులో అప్పట్లో ఒక డాక్టరమ్మ ఉండేది. ఎవరు ఎదురైనా చెయ్యి చాపి, "జేబులో మాత్రలేమన్నా ఉండాయా అప్పా? ఒకటిచ్చి పో" అనేది. తలనొప్పిదైనా సరే, తుమ్ములదైనా సరే. ఏ సూదిమందుకూ లొంగని చీములోని క్రిములను గాజుపళ్లెంలో పెంచి, వాటి మీద ఆ మాత్రలు నూరి వేసేది. ఒక జబ్బుకు చేసిన మందు ఇంకో జబ్బుకు పనికిరాకపోతుందా అని ఆమె ఆశ. ఆమెను చూసి ఏడుకొండల కోతులే సిగ్గుపడి చెయ్యి చాపడం మానేశాయని చెప్పి, కాలి పుండుతో మంచంలో ఉన్న నేను వార్డంతా నవ్వించేవాణ్ణి.

ఆ పుండు ఏ మందుకూ మానలేదు. రేపు కాలు తీసేస్తారనగా ఆమె పళ్లెం పట్టుకుని నా మంచం దగ్గరికి పరుగున వచ్చింది.

"సూడప్పా! నీ పుండులోని క్రిములే ఇవి. పిచ్చికిచ్చే మందు వేసినా. దాని సుట్టూ ఒక్కటీ బతకలా!"

నిజమే, పళ్లెం మధ్యలో రూపాయి బిళ్లంత జాగా ఖాళీగా ఉంది.

"అయితే అదే ఇయ్యమ్మా, కాలు మిగుల్తాది."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఈ క్రిములు సచ్చేంత మందు ఒంట్లోకి పోతే గుండె నిలిచిపోతాదప్పా."

"మరి నాకెందుకు సూపిస్తివి?"

ఆమె పళ్లేన్ని అరచేత్తో మూసేసింది. "సంతోషంలో నీ కాలి సంగతి మర్చిపోయినా" అని తల వంచుకుంది.

కాలు తీసేశాక రోజూ వచ్చి వార్డు తలుపు దగ్గరే నిలబడేది. ఇంటికి పోయాక ఆ కాలు చిరుత తినిందని ఊరంతా నమ్మించిన నాకు, ఆనాడు ఆమెను "లోపలికి రామ్మా" అనడానికి మాత్రం నోరు రాలేదు.